కూత తెగనియ్యకు

పొద్దు పొడిచేసరికి జమ్మికుంట పత్తి యార్డు వెనక
పదకొండు రాళ్లు మొలిచినయి,
ముఖాలకు ఎర్ర రంగు.
రాత్రి ఎవరు నాటిండ్రో ఎవ్వరు సూడలే.
రంగింకా తడి ఆరలే,
ఆనుకొని కూసుంటే నా చాటకంటింది, తునికాకుకంటింది.

నేనెన్నడు ఆడలే ఆ గ్రౌండుల.
ముప్పై ఏండ్లు దాని అంచుకు కూసొని
బీడీలు చుట్టుకుంట
ఆటను చెవులతోనే సూసిన.
ఈలకు తలకాయెత్తితే లెక్క తప్పుతది,
కట్టకు రెండు తక్కువైతే ఠేకేదారు ఊకోడు.
అయినా ఎరుకే నాకు:
మొగిలి కూత సన్నగ, జోరీగ లెక్క.
అఫ్సర్ కూత నడిమిట్ల ఒకపారి దగ్గుతది.
పత్తి సీజన్ల దూది ఎగిరొచ్చి కోర్టుల పడితే
సున్నమేదో దూదేదో తెల్వక
గీత కాడ పిలగాండ్లు కొట్లాడుకుందురు.

ఎమ్మార్వో ఆఫీసుకు పోయినం.
కాయిదంల 'ఖాళీ జాగ' అని రాసున్నది.
ఆడుకునే జాగ అనేటందుకు ఆధారమేందన్నడు గుమాస్తా.
డ్రిల్లు ఓదెలు సారు ఇంటికి ఉరికి
ఎనభై ఏడుల గెలిచిన కప్పు తెచ్చిండు.
అండ్ల వాళ్లింటామె మెంతులు పోసుకున్నది.
సంచిల గుమ్మరించి, తువ్వాలతో తుడిచి
బల్ల మీద పెట్టిండు.
గుమాస్తా తిప్పి తిప్పి సూసి
"దీని మీద సర్వే నంబరు లేదు" అన్నడు.
అక్కడ ఎవ్వరం నవ్వలే.
బయట మెట్ల మీద కూలబడి నవ్వినం
కండ్లల్ల నీళ్లొచ్చేదాక.

ఆ రాత్రే తీర్మానమైంది.
తీర్మానమంటే పెద్ద మాట.
హమాలి యాకూబ్ బస్తా దించినట్టు అన్నడు:
"ఆట ఆగితేనే రాయి మొలుస్తది. ఆపకపోతే సరి."

ఇగ వంతులు.
తెల్లారగట్ల నడిచేటోళ్లు,
బడి పిల్లల ఖోఖో,
మిట్టెండల ఆటో అడ్డా పిలగాండ్ల వాలీబాలు,
యార్డు మూసినంక హమాలీల కబడ్డీ.
తరావీ నమాజు చదువుకొని అఫ్సరోళ్లు వచ్చేది
జేబుల నిండ ఖర్జూరాలతోని.
వంతులు రాసే నోటుబుక్కు నాకిచ్చిండ్రు.
బీడీ లెక్క వచ్చినదానికి ఆట లెక్క రాదా?

పంతొమ్మిదో రాత్రి జేసీబీ వచ్చింది.
రెండు లైట్లు కండ్లల్ల పొడుసుకుంట గేటుకాడ ఆగింది.
వెనక జీపుల ఎవరో ఫోన్ మాట్లాడుతున్నరు.
మాదిక్కు ఆరుగురే ఉన్నరు.
యాకూబ్‌కు ఆ పొద్దు జరం.
"సత్తవ్వా, ఇగ నువ్వే" అన్నడు మొగిలి,
ఎకసెక్కానికన్నడో, నిజంగన్నడో.

చాట పక్కకు పెట్టిన. కొంగు దోపిన.
యాభై మూడేండ్లది, వంగి వంగి గూనైన నడుము.
గీత దాటంగనే అరికాలికి మన్ను తగిలింది.
ఇన్నేండ్లు పక్కనే ఉండి నాకు తెల్వలే
అదింత మెత్తగుంటదని.

కబడ్డీ కబడ్డీ కబడ్డీ
పొగాకు దుమ్ము పేరుకున్న రొమ్ములకెళ్లి
ఎక్కడి గాలొచ్చిందో.
అవతల నలుగురు చేతులు పట్టుకొని మీదికొచ్చిండ్రు.
ముసల్దని ఇడువలే.
అది నచ్చింది నాకు.
"కూత తెగనియ్యకు!" ఓదెలు సారు అరుస్తున్నడు.
ఎలుగుకు కండ్లు చెదిరి గీత కానొస్తలేదు,
దమ్ము అయిపోతున్నది.

అప్పుడు కదిలింది జేసీబీ.
అందరి గుండె జల్లుమన్నది.
ముందుకు రాలే.
డ్రైవరు పిలగాడు, ఏ ఊరోడో,
బండిని జరంత ఎడమకు తిప్పిండు.
ఎలుగు నా కండ్లల్లకెళ్లి జారి
గీత మీద పడ్డది.

ఏలు తగిలిందా లేదా అని ఇప్పటికీ తగువే.
నోటుబుక్కుల నేనైతే ఒక పాయింటు రాసుకున్న.

కేసు ఇంకో కోర్టుల ఉన్నది,
అక్కడి గీతలు మాకు కానరావు.
రాళ్లు అట్లనే ఉన్నయి.
రెంటికి నెట్టు కట్టినం,
ఒకదాని మీద పిల్లలు చెప్పులు పెడ్తరు.
ఈ రాత్రి మూడింటి వంతుకు ఇద్దరు తక్కువున్నరు.
మీరేమన్న ఖాళీనా?